చెరసాలలో పుట్టిన పుస్తకములు

కష్టకాలమున ఏ పుస్తకము చదువవలెనని నన్ను పలువురు అడుగుచుందురు. తెలుగు ఉపాధ్యాయునకు ఇది తప్పని ప్రశ్న. పరీక్ష తప్పిన బాలుడు అడుగును. భర్తను పోగొట్టుకొన్న తల్లి అడుగును. 2020లో బడులు మూతపడి, ఎవరి యింట వారు కూర్చున్న దినములలో ఫోను చేసి అడిగినవారు ఎందరో! ధైర్యము చెప్పు పుస్తకములకు అంగళ్ళలో కొదువ లేదు. అవి చెడ్డవని నేను అనను. కాని వానిలో పెక్కింటిని కష్టము గడచిన పిమ్మట, కడుపునిండ భుజించి, నీడపట్టున కూర్చుండి వ్రాసిరి. ఏటి నడుమ కొట్టుకొనిపోవువాని కేక వేరు. ఒడ్డున నిలిచినవాని హితవు వేరు. నాకు ఆ కేకయందే నమ్మకము. అందుచేత అడిగినవారికి నేను మూడు పుస్తకముల పేర్లు మాత్రమే చెప్పుదును. మూడును చెరసాలతో ముడిపడినవే.

ఈ అభిప్రాయము నాకు గ్రంథాలయమున కలుగలేదు. గోదావరి నేర్పినది. ఆ కథ ముందుగా చెప్పెదను.

మా ఊరు భద్రాచలమునకు ఎగువన గోదావరి ఒడ్డున ఉన్నది. ఒక ప్రక్క నది. మరియొక ప్రక్క అడవి. వేసవిలో తునికాకు కోయుట, ఇప్పపూవు ఏరుట, వానకాలమున వరినాట్లు, చలికాలమున లంకపొలములలో మిరప, పొగాకు. ఊరి జీవనమంతయు ఇంతే. మాకు రెండెకరముల భూమియు ఒక జత ఎద్దులును ఉండెను. మా నాయనకు చదువు రాదు. ఎద్దుల విషయమున మాత్రము ఆయనను మించిన పండితుడు ఆ చుట్టుప్రక్కల లేడు. పండ్లు చూచి వయస్సు, నడక చూచి గుణము చెప్పెడివాడు. సంతలో జత కొనువారు ఆయనను వెంటబెట్టుకొని పోయెడివారు.

1986 ఆగస్టులో నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. అనగా మీ యీడువాడను. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇత్తురు. ఆ నెల 16వ తేదీన నది 75.6 అడుగులకు ఎక్కెను. మూడవ గుర్తునకు పైన ఇరువదిరెండడుగులకు మించిన నీరు! అంతటి వరద అక్కడ మరల నేటివరకు రాలేదు. మా ఊరిలోనికి నీరు రాత్రివేళ ప్రవేశించెను. పిల్లలను, ముసలివారిని ముందు పంపి, పెద్దలు వెనుక రాగా, అందరము ఊరి వెనుక గుట్ట ఎక్కితిమి. మా నాయన అందరికంటె ఆలస్యముగా వచ్చెను. తడిసిన బట్టలతో ఒక బండపై కూర్చుండి, తెల్లవారువరకు నీటివంకనే చూచుచుండెను. వెలుగు వచ్చుసరికి మా ఎద్దులలో ఒకటి ఈదుకొనుచు వచ్చి గుట్టకు చేరెను. రెండవది రాలేదు. నాయన దానిని గూర్చి ఒక్క మాటయైనను పలుకలేదు. ఆనాడే కాదు, తరువాత ఎన్నో వారములు ఆయన ఎవరితోను పలుకలేదు.

గుట్టపై మూడు దినములు గడపితిమి. అక్కడ పలికిన గొంతు మా నాయనమ్మది ఒక్కటే. ఆమె రాముని తిట్టుచు పాడుచుండెను. అవి తన సొంత తిట్లు కావు, రామదాసు కీర్తనలు. ఆమెకు అక్షరము రాదు, కాని పాటలు నూటికి పైగా వచ్చును. నాకు భయమువేసెను. అసలే వరద, ఆపై దేవుని కోపము కూడనా? "నాయనమ్మా, దేవుణ్ణి తిట్టవచ్చునా?" అని అడిగితిని.

"రామదాసంతటి వాడే తిట్టాడు, నేనెంత? పరాయివాణ్ణి తిడతామా? మనవాడు గనుక తిడుతున్నా" అని ఆమె మరల పాట ఎత్తుకొనెను.

రామదాసు కథ మీలో తెలియనివారు ఉండరు. కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాడు. గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా ఉండెను. ప్రజలు కట్టిన పన్ను సొమ్మును ఏలిక సెలవు లేకయే భద్రాచల రామునకు గుడి కట్టించుటకును నగలు చేయించుటకును వెచ్చించెను. చట్టము ననుసరించి చూచినచో తప్పు గోపన్నదే. ఆ సంగతి నేను తరగతిలో చెప్పినపుడెల్ల పిల్లలు నొచ్చుకొందురు. అయినను చెప్పక తప్పదు. ఆయనను గోలకొండ కోటలో చెరపెట్టిరి. పన్నెండేండ్లు చెరలో నుండెనని పరంపరగా చెప్పుకొందురు. ఆ చీకటి గదిని నేటికిని అక్కడ చూపుదురు.

చెరలోని ఆ కీర్తనలలో ఒకటి నాకు మిక్కిలి ప్రియము. అందులో ఆయన లెక్కలు చెప్పును. సీతమ్మకు ఏ నగ చేయించితినో, లక్ష్మణునకు ఏమి పెట్టితినో, భరతునకు, శత్రుఘ్నునకు ఏమేమి అమర్చితినో, దేనికి ఎన్ని వరహాలు పట్టినవో, తహశీలుదారు చిఠ్ఠా చదివినట్లు చదువును. ఇంత సొమ్ము నీ పుట్టింటినుండి వచ్చినదా, అత్తింటినుండి వచ్చినదా యని రాముని ఎత్తిపొడుచును. అంతలోనే స్వరము మారును. దెబ్బల బాధకు తాళలేక అంటిని గాని మనసులో పెట్టుకొనవద్దని వేడుకొనును. మరియొక కీర్తనలో రామునితో పని జరుగదని తలచి, ఏకాంతమున భర్తతో ఒక మాట చెప్పుమని సీతమ్మను బతిమాలును. మగవాడు భార్య మాట వినునని చెరలో నున్నవానికిని తెలియును! లోకమున భక్తినిగూర్చి వ్రాసిన గ్రంథములు కొన్ని చదివితిని. విశ్వసించినవానిని నిలదీయు హక్కు విశ్వసించినవానికే కలదని ఇంత సూటిగా చెప్పినది మరియొకటి నాకు కనబడలేదు. నాయనమ్మ కొంగున మూటగట్టి తెచ్చుకొన్నవాటిలో పసుపు కుంకుమల భరిణెయు, శ్రీరామనవమికి భద్రాచలమున కొన్న దాశరథీ శతకమును ఉండెను. చదువ రాకున్నను తెచ్చుకొనెను. అదియు ఆ గోపన్న వ్రాసినదే.

నీరు తీసిన పిమ్మట ఇంటికి దిగితిమి. ఇల్లు అనుటకు గోడలు లేవు. మోకాటి లోతు ఒండ్రుమట్టి ఉండెను. నా పుస్తకములన్నియు ముద్దయై పోయినవి. ఒంటెద్దుతో దుక్కి సాగదు. మరియొక జత కొనుటకు డబ్బు లేదు. పొరుగున ఒక కోయ రైతునకును ఒక ఎద్దే మిగిలెను. అతని దానికి మా దానిని జతచేసి ఒకదినము వారి పొలము, ఒకదినము మా పొలము దున్నితిమి. ఆ యెద్దులు రెండును ఎత్తు కుదరక కాడి ఒకవైపు ఒరిగెడిది. నన్ను బడి మాన్పించి కూలికి పంపవలెనని ఇంటిలో అనుకొనిరి. సాయంకాలములు, సెలవుదినములు మిరపతోటలలో పని చేసెదనని ఒప్పుకొని నేను బడి నిలుపుకొంటిని.

అప్పుడు మా తెలుగు మాస్టారు తన సొంత పుస్తకము ఒకటి నా చేత పెట్టి, "ఇంట్లో పైకి చదువు, నీకొక్కడికే కాదు" అనిరి. అది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'.

ఆ నవల పుట్టిన విధము చెప్పవలెను. 1921-22లో పలనాటి ప్రజలు అడవిలో పశువుల మేతకు విధించిన పుల్లరి పన్నును కట్టక ఎదిరించిరి. ఆ పోరాటమునకు అండగా నిలిచినందుకు ఉన్నవవారిని ప్రభుత్వము నిర్బంధించెను. బారిస్టరు చదివి వచ్చిన ఆ పెద్దమనిషి వేలూరు చెరసాలలో కూర్చుండి, పండితుల భాషను విడిచి, గుంటూరు సీమ పల్లెలవారు మాటలాడు తెలుగులో 1922లో ఈ నవల వ్రాసెను. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. చాల కాలమునకు గాని ఆ నిషేధము పూర్తిగా తొలగలేదు. అడవిలో పశువు మేయుటకు పన్ను కట్టవలెనా యను ప్రశ్న మా ఊరివారికి చెప్పవలసిన పని లేదు. తరతరములుగా వారికి అది తెలిసిన ప్రశ్నయే.

ఈ నవలలోని ఇంటిపెద్ద పేరును రామదాసే. నాకు మొదట ఇది వింతగా తోచెను. ఇతడు గుడి కట్టినవాడు కాడు. మాలపల్లెలో చిన్న కాపురము చేసికొనుచు, తత్త్వములు తెలిసి, ఎవరికిని కీడు తలపెట్టని భక్తుడు. అతని కుమారుడు సంగదాసు భూస్వామి యింట పాలేరు. ఆ భూస్వామి కుమారుడు రామానాయుడును సంగదాసును ప్రాణస్నేహితులు. కులము, కలిమి రెండును అడ్డుగా నున్నను ఆ స్నేహము చెడలేదు. ప్రేమను గూర్చి చదువవలెనని కోరువారికి నేను ఈ స్నేహమునే చూపుదును.

రాత్రివేళ కిరోసిను దీపము వద్ద నేను చదువగా నాయనమ్మయు, అమ్మయు, పొరుగు కోయ రైతును వినెడివారు. నాయన గోడకు ఆనుకొని కూర్చుండెడివాడు. వినుచున్నదియు లేనిదియు తెలియదు. నిజము చెప్పవలెనన్న, అందులో కొన్నిచోట్ల చర్చలు మిక్కిలి సాగును. అట్టి పుటలను నేను దాటవేసితిని, మీరును దాటవేయవచ్చును. పిమ్మట ఎన్నడో తిరిగి చదివికొనవచ్చును.

కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు ఆ భూస్వామి దెబ్బకు నేలకూలి మరణించిన ఘట్టము వచ్చెను. తన ఇంటి ఉప్పు తిన్న పాలేరును, తన కుమారుని నేస్తమును ఆ పెద్దమనిషియే చంపెను. నేను చదువుచుండగా నాయన, "ఆపరా" అనెను. నేను ఆపితిని. చాలసేపటికి ఆయన గోడవైపు తిరిగి చెప్పెను:

"ఒకదాని తాడు విప్పాను. రెండోదాని ముడి నీళ్ళకు నాని బిగుసుకుపోయింది. కొడవలి ఇంట్లో ఉండిపోయింది. నీళ్ళు నా గొంతు దాకా వచ్చాయి. అది నా చేయి నాకింది. నేను వదిలేసి వచ్చాను."

ఎవరమును ఏమియు అనలేదు. ఆయన ఏడ్చెను. వరద వచ్చిన తరువాత ఆయన ఏడ్చుట అదే మొదలు. పొరుగు రైతు లేచివచ్చి ఆయన ప్రక్కన కూర్చుండెను. మరునాటి రాత్రి నాయనయే దీపము వెలిగించి, "ఆ పిల్లవాడి తండ్రి ఎట్లా ఓర్చుకున్నాడు, చదువు" అనెను. కొడుకును పోగొట్టుకొన్న రామదాసును గూర్చి ఆయన అడిగెను. ఆ పుస్తకము మా నాయన దుఃఖమును పోగొట్టినదని నేను చెప్పను. ఆ యెద్దును ఆయన మరణించువరకు మరువలేదు. మాట మాత్రము తిరిగి వచ్చెను.

మూడవ పుస్తకము మరుసటి యేట దొరికెను. 1987 నవంబరు 5న దాశరథి కృష్ణమాచార్యులు కన్నుమూసినపుడు మాస్టారు పాఠము నిలిపి ఆ కవి కథ చెప్పిరి. చూడుడు, పేర్లు ఎట్లు అల్లుకొన్నవో! మొదటి రామదాసు దాశరథీ శతకము వ్రాసెను. రెండవ రామదాసు నవలలో నిలిచెను. మూడవ కవి యింటిపేరే దాశరథి. ఆయన 1925లో చినగూడూరులో పుట్టి, ఖమ్మములో చదువుకొనెను. నిజాము పాలనను ఎదిరించినందుకు పట్టి నిజామాబాదు చెరలో ఉంచిరి. ఆ చెరసాల కోటలోనిది. ఆ కోటలోనే రాముని గుడియు కలదు. కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకు ఇచ్చిన బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసి, అందుకు దెబ్బలు తినెను. రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు తోడుగా ఉండెను. 1949లో 'అగ్నిధార' అచ్చయ్యెను. తరువాతి కాలమున ఆయన రాష్ట్ర ఆస్థానకవి అయ్యెను. 'తిమిరంతో సమరం' అను కావ్యమునకు 1974లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఆ గౌరవములకంటె నన్ను ఆ బొగ్గుముక్కయే ఎక్కువగా కదిలించినది. చెరిపివేయుదురని తెలిసియు గోడపై వ్రాయుట! పని యనగా అది గదా యనిపించెను. అప్పటికి నేను ఇతరుల తోటలలో మిరపకాయలు కోయుచు, రెండవ ఎద్దు కొఱకు కూలిడబ్బు కూడబెట్టుచుంటిని. కాయ కోయుచు పద్యము వల్లించిన దినమున చేతుల మంట తగ్గెనని అబద్ధమాడను. ప్రొద్దు మాత్రము త్వరగా గడచెడిది. ఎద్దును కొనుటకు రెండేండ్లు పట్టెను.

అయినను దుఃఖములో నున్నవారికి నేను 'అగ్నిధార' ఇయ్యను. పని ఆగిపోయి, చేయి కట్టివేసినట్లు కూర్చున్నవారికి ఇత్తును. దుఃఖములో నున్నవారికి 'మాలపల్లి'. దేవునిపై అలిగినవారికి రామదాసు. ఈ విభజనలో నేను పొరబడిన సందర్భములును కలవు. బిడ్డను పోగొట్టుకొన్న ఒక తల్లికి కీర్తనలు ఇచ్చితిని. ఆమె రెండవ దినముననే తిరిగి పంపివేసెను. ఆమె దేవునితో తగవులాడు దశలోనైనను లేదు. నేను తొందరపడితిని.

మరియొక పొరపాటును నాకు చూపినది ఒక బాలిక. 2022 జులై 16న గోదావరి మరల 71.3 అడుగులకు వచ్చెను. 1986 తరువాత కట్టిన కరకట్ట భద్రాచలము పట్టణమును చాలవరకు కాచినను, ఏటి వెంబడి పల్లెలు మునిగినవి. నేను పనిచేయు బడియే పునరావాస కేంద్రమయ్యెను. తరగతి గదులలో కుటుంబములు, వసారాలో వంటలు, ఆవరణమున మేకలు. నేను అలవాటు చొప్పున నా మూడు పుస్తకములను పట్టుకొని పిల్లలను చేరదీసితిని. రామదాసు కథ చెప్పుచుండగా ఎనిమిదవ తరగతి చదువు ఒక కోయ బాలిక లేచి, "సార్, మా దమ్మక్క ఏ పుస్తకంలో ఉన్నది?" అని అడిగెను.

భద్రిరెడ్డిపాలెమునకు చెందిన పోకల దమ్మక్క యను కోయ స్త్రీ అడవిలో పుట్టలోని రాముని మొదట కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నివేదించెనని ఇక్కడి ఐతిహ్యము. గోపన్న గుడి కట్టుటకు ముందు ఆ దేవునకు నీడ కల్పించినది ఆమె. గోపన్న పాటలు అచ్చులో ఉన్నవి. ఆమె ఏమి పాడెనో, ఏమి తిట్టెనో, ఏ కష్టములో ఎట్లు ఓర్చుకొనెనో నా మూడు పుస్తకములలో లేదు. "నా దగ్గర లేదమ్మా" అంటిని.

"మా అవ్వ దగ్గర ఉన్నది" అని ఆ బాలిక కూర్చుండెను.

ఆ సంవత్సరమే మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చియుండెను. సమ్మక్క సారలమ్మల కథలను, కోయల వంశగాథలను ఆయన నోటనే నిలుపుకొని పాడెడివాడు. 2024లో ఆయన మరణించినపుడు నాకు మొదట ఆ బాలిక ప్రశ్నయే గుర్తునకు వచ్చెను. వరద తీసిన నాడు ఆమెకు 'మాలపల్లి' ఇచ్చి, అవ్వ చెప్పునది వ్రాసికొనుటకు వత్తునని మాట యిచ్చియుంటిని. బదిలీలు, పరీక్షలు అనుచు రెండేండ్లు గడపితిని. నా సాకులు నాకే సిగ్గు కలిగించినవి.

ఒక ఆదివారము వాగు దాటి వారి పల్లెకు పోయితిని. ఆ బాలిక 'మాలపల్లి'ని పాతచీర ముక్కలో చుట్టి భద్రపరచియుండెను. అవ్వ వాకిట చాప పరచెను. నేను చాపపై కూర్చుండి సంచిలోనుండి నోటుపుస్తకమును, కలమును తీసితిని. ఆమె వానివంక ఒకసారి చూచి, మనుమరాలితో కోయభాషలో ఏదో అనెను.

"ఏమనుచున్నది?" అని అడిగితిని.

"అది సంచిలో పెట్టమంటుంది, సార్. పాట రాత్రికి గాని రాదట. ముందు అంబలి తాగమంటుంది."

నేను కలమును సంచిలో పెట్టితిని.